రెండు కంపెనీల ఫోన్లు ఒక్కటవ్వాలంటే

కార్పొరేట్ ఫోన్ నెట్‌వర్క్ అంటే ఒక సంస్థ తన ఆఫీసుల మధ్య సొంతంగా నడుపుకునే టెలిఫోన్ వ్యవస్థ. ప్రతి పెద్ద ఆఫీసులోనూ ఒక ఈపీఏబీఎక్స్ ఉంటుంది. లోపలి ఎక్స్‌టెన్షన్లన్నీ దానికే కలుస్తాయి. దాని నుంచి బయటికి రెండు దారులుంటాయి. మొదటిది టెలికం కంపెనీ ఇచ్చిన పీఆర్ఐ లైను, లేదా ఇప్పుడైతే సిప్ ట్రంక్. బయటి నంబర్లకు వెళ్లే కాల్స్, బయటి నుంచి వచ్చే కాల్స్ అన్నీ దీని మీదే నడుస్తాయి. ఒక్క పీఆర్ఐ మీద ఒకేసారి 30 మంది మాట్లాడొచ్చు. రెండోది వేరే ఊళ్లలో ఉన్న సొంత ఆఫీసులకు వేసుకున్న లీజు లైను, లేదా ఎంపీఎల్ఎస్ వీపీఎన్. ఇందులో మాట్లాడుకునేది ఆ సంస్థ మనుషులే కాబట్టి దాన్ని క్లోజ్డ్ యూజర్ గ్రూప్, పొట్టిగా సీయూజీ అంటారు. మొబైల్ కంపెనీలు ఆఫీసులకు అమ్మే సీయూజీ సిమ్‌ల పేరు కూడా ఈ అర్థంలోంచి వచ్చిందే.

ఒక సంస్థ మరో సంస్థలో కలిసినప్పుడు ఈ వ్యవస్థలు కూడా కలవాలి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఖాతాదారులకు కనిపించింది బోర్డులు మారడం, చెక్కుబుక్కులు మారడం, ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు మారడం. ఇలాంటి ఏ విలీనంలోనైనా కనిపించని పని ఇంకా చాలా ఉంటుంది, అందులో ఫోన్లు ఒకటి. రెండు ఈపీఏబీఎక్స్‌ల మధ్య ఒక లింకు వేసి, ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా సర్దితే ఇంజినీరు పని దాదాపు అయిపోయినట్టే. చట్టానికి మాత్రం అప్పుడే పని మొదలవుతుంది.

భారతదేశంలో టెలిఫోన్ నడిపే హక్కు మొదటి నుంచీ ప్రభుత్వానిదే. 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టంలోని 4వ సెక్షన్ ఆ హక్కును కేంద్రానికి కట్టబెట్టి, లైసెన్సు ద్వారా ఇతరులకు ఇచ్చే వీలు కల్పించింది. ఎయిర్‌టెల్, జియో, టాటా కమ్యూనికేషన్స్ లాంటి సంస్థలు నడుస్తున్నది ఆ లైసెన్సుల మీదే. మామూలు కంపెనీకి అలాంటి లైసెన్సు ఉండదు. లైసెన్సుదారు దగ్గర లైను అద్దెకు తీసుకుని తనలో తాను మాట్లాడుకోవచ్చు, అంతే. బయటివాళ్ల మాటను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకెళ్లడం దాని పని కాదు. సొంత లీజు లైనును, ఊళ్లోని ప్రజా టెలిఫోన్ లైనును ఈపీఏబీఎక్స్‌లో ఒకదానికొకటి తగిలిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. కంపెనీకి తెలిసినా తెలియకపోయినా అది చిన్నపాటి టెలికం కంపెనీ అయిపోతుంది.

ఒక కాల్ వెంట నడిస్తే ఇది తేటగా తెలుస్తుంది. బెంగళూరు ఆఫీసులోని ఉద్యోగి హైదరాబాద్‌లోని ఒక కస్టమర్ ల్యాండ్‌లైనుకు ఫోన్ చేయాలి. సవ్యమైన దారి బెంగళూరు ట్రంక్ మీద 040 కలిపి చేయడం. అప్పుడది ఎస్టీడీ కాల్. లైసెన్సున్న దూరప్రాంత ఆపరేటరు దాన్ని మోస్తాడు, ఆ రాబడిలో లైసెన్సు ఫీజు ప్రభుత్వానికి చేరుతుంది. అడ్డదారి ఇంకోటుంది. కాల్‌ను కంపెనీ లీజు లైను మీద హైదరాబాద్ ఆఫీసు దాకా తెచ్చి, అక్కడి పీఆర్ఐ నుంచి లోకల్ కాల్‌గా బయటికి వదలడం. కస్టమర్‌కు తేడా తెలియదు, టెలికం కంపెనీకి మాత్రం ఒక ఎస్టీడీ కాల్ తగ్గిపోతుంది. దీనినే టోల్ బైపాస్ అంటారు. తిరుగు దిశలోనూ లెక్క మారదు. కస్టమర్ హైదరాబాద్ నంబరుకు చేసిన లోకల్ కాల్‌ను రిసెప్షనిస్టు లీజు లైను మీద బెంగళూరు సహోద్యోగికి బదిలీ చేస్తే అదీ బైపాసే. ఆవిడకు తను తప్పు చేస్తున్నట్టు అస్సలు తోచదు. రెండు ఊళ్ల సహోద్యోగులు లీజు లైను మీద మాట్లాడుకుంటూ ఒక బయటి మొబైల్‌ను కాన్ఫరెన్సులోకి లాగినా ఇదే చిక్కు. విలీనాల తర్వాత దొరికిపోయే తప్పుల్లో ఎక్కువ ఇలాంటి బదిలీలు, కాన్ఫరెన్సులే తప్ప, కావాలని పన్నిన మోసాలు కావు.

ఈ నిబంధన వెనక మొదట ఉన్నది డబ్బు. దూరప్రాంత కాల్స్ వ్యాపారం 2000లో ప్రైవేటు సంస్థలకు తెరిచారు. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ సంస్థ గుత్తాధిపత్యం 2002 దాకా సాగింది. ఎస్టీడీ, ఐఎస్‌డీ ఆదాయమే పల్లెల్లో చవక ఫోన్లకు ఆసరా అని భావించిన కాలమది. ఇప్పుడు ఆ లెక్క చాలావరకు కరిగిపోయింది. ఒక నెట్‌వర్కు మరో నెట్‌వర్కుకు చెల్లించే కాల్ టెర్మినేషన్ చార్జీ మొబైల్ కాల్స్‌కు 2017 అక్టోబరులో నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు దిగి, 2021 జనవరి 1న సున్నా అయింది. సామాన్యుడి ఫోన్లో ఎస్టీడీ అనే మాటే వినిపించడం లేదు. విదేశాల నుంచి వచ్చే కాల్స్ మీద మాత్రం చార్జీ నిలిచే ఉంది. దాన్ని 2020లో నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య తేల్చుకోమన్నారు. అందుకే విదేశీ కాల్స్‌ను దొడ్డిదారిన దించే అక్రమ ఎక్స్‌ఛేంజీలు, సిమ్ బాక్సులు ఇప్పటికీ పట్టుబడుతూనే ఉన్నాయి.

డబ్బు కారణం పలచబడేకొద్దీ భద్రత కారణం చిక్కబడింది. 2008 ముంబై దాడుల్లో ఉగ్రవాదులతో వాళ్ల సూత్రధారులు ఇంటర్నెట్ టెలిఫోనీ మీదే మాట్లాడారు. ఏ కాల్ ఎక్కడ పుట్టింది, ఎక్కడ బయటపడింది అని అడిగితే జవాబు దొరకాలన్నది అప్పటి నుంచి ఇంకా గట్టి పట్టుదల అయింది. లీజు లైను మీద వచ్చి హైదరాబాద్‌లో లోకల్ కాల్‌గా తేలిన కాల్‌కు ఆ ఆచూకీ దొరకదు. ఎస్టీడీ రాబడి కోసం పుట్టిన నిబంధన ఆ రాబడి పోయాక కూడా బతికి ఉందంటే అది ఈ ఆచూకీ కోసమే అనుకోవాలి.

ఈ చట్టాన్ని పాటించడానికి కంపెనీలు ఎంచుకున్న మొదటి మార్గం చూడటానికి నవ్వొచ్చేలా ఉండేది. బల్ల మీద రెండు ఫోన్లు. ఒకటి లోపలి సీయూజీకి, రెండోది బయటి ప్రపంచానికి. రెండింటికీ వేర్వేరు ఈపీఏబీఎక్స్‌లు, మధ్యలో తీగ అన్నదే లేదు. తనిఖీకి వచ్చిన అధికారికి చూపించడం సులువు. ఖర్చు మాత్రం రెట్టింపు. తర్వాత లాజికల్ పార్టిషనింగ్ వచ్చింది. ఫోన్ ఒకటే, సర్వరు ఒకటే, కానీ సాఫ్ట్‌వేర్ లోపల గోడ కడుతుంది. ప్రతి ఫోనుకూ ప్రతి ట్రంకుకూ అది ఏ ఊళ్లో ఉందో గుర్తు తగిలిస్తారు. కాల్, బదిలీ, కాన్ఫరెన్సు ఏది జరగబోయినా సర్వరు ఆ గుర్తులను సరిపోల్చి, కుదరని జోడీని అక్కడికక్కడే తెంపేస్తుంది. సిస్కో తన కాల్ మేనేజర్‌లో ఈ సదుపాయం పెట్టింది. మైక్రోసాఫ్ట్ లింక్ 2013లో లొకేషన్ బేస్డ్ రూటింగ్ పేరుతో అలాంటిదే తెచ్చింది. ప్రపంచమంతటా అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మీట ఒకటి ఉండటానికి ముఖ్య కారణం భారత నిబంధనలే.

నియంత్రణ సంస్థతో పని అనగానే చాలామంది ట్రాయ్ పేరు చెబుతారు. సగమే నిజం. 1997లో ఏర్పడిన ట్రాయ్ చార్జీలు నిర్ణయిస్తుంది, ఆపరేటర్ల మధ్య ఇంటర్‌కనెక్షన్ నియమాలు రాస్తుంది, లైసెన్సు విధానం మీద సిఫారసులు చేస్తుంది. లైసెన్సులిచ్చేది, వాటి షరతులు అమలు చేసేది టెలికం శాఖ, అంటే డాట్. ఊళ్లో తనిఖీకి వచ్చేది కూడా డాట్ క్షేత్ర విభాగమే. పాతవాళ్లు దాన్ని ఇంకా టెర్మ్ సెల్ అనే పిలుస్తారు. ఇప్పటి పేరు లైసెన్స్‌డ్ సర్వీస్ ఏరియా యూనిట్. దేశంలో ఇలాంటి సర్వీస్ ఏరియాలు 22. రాష్ట్రం 2014లో రెండైనా టెలికం లైసెన్సుల పటంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపి ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. ఫోను చట్టం దృష్టిలో విభజన జరగనే లేదన్నమాట.

కాల్ సెంటర్ల విషయంలో కథ వేరు. హైదరాబాద్‌కు బాగా సంబంధించిన కథ కూడా. వేల మంది ఏజెంట్లు, దేశవిదేశాల కస్టమర్లు, పది ఊళ్లలో సెంటర్లు ఉండే వ్యాపారం ఇది. మామూలు ఆఫీసు నిబంధనల్లో ఇమడదు. 1999 కొత్త టెలికం విధానం అదర్ సర్వీస్ ప్రొవైడర్లు, అంటే ఓఎస్పీలు అనే వర్గాన్ని గుర్తించింది. లైసెన్సు ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ ఉంటే చాలన్నారు. 2008 ఆగస్టులో సవరించిన షరతులు వచ్చాయి. రిజిస్ట్రేషన్ కంపెనీకి కాదు, సెంటరుకు. అదే కంపెనీ గచ్చిబౌలిలో ఒకటి, విశాఖలో ఒకటి పెడితే రెండు దరఖాస్తులు. ప్రతి దరఖాస్తుకూ నెట్‌వర్క్ డయాగ్రం జతపరచాలి. దేశీయ సెంటరు, అంతర్జాతీయ సెంటరు ఒకే ఈపీఏబీఎక్స్‌ను పంచుకోవాలంటే అనుమతి, దానికి బ్యాంకు గ్యారంటీ. ఏజెంటు ఇంటి నుంచి పనిచేయాలన్నా బ్యాంకు గ్యారంటీయే. అందుకే కరోనాకు ముందు ఇంటి నుంచి మాట్లాడే కాల్ సెంటర్ ఉద్యోగి ఇక్కడ దాదాపు కనిపించేవాడు కాదు.

లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు, 2020 మార్చి 13న డాట్ ఆ గ్యారంటీని తాత్కాలికంగా ఎత్తేసింది. ఆ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ పోయి, ఆఖరికి నవంబరు 5న కొత్త మార్గదర్శకాలే ఇచ్చింది. ఓఎస్పీ రిజిస్ట్రేషన్ రద్దయింది. బ్యాంకు గ్యారంటీలు పోయాయి. డేటా పని మాత్రమే చేసే సంస్థలు ఈ పరిధి నుంచే బయటికి వచ్చాయి. 2021 జూన్ 23న ఇంకో అడుగు పడింది. దేశీయ, అంతర్జాతీయ ఓఎస్పీల తేడా తీసేశారు. అన్ని సెంటర్లకూ కలిపి ఒకే ఈపీఏబీఎక్స్ పెట్టుకోవచ్చన్నారు. అది ప్రపంచంలో ఎక్కడున్నా ఫరవాలేదన్నారు. ఇంటి నుంచి పనిచేసే ఏజెంటు బ్రాడ్‌బ్యాండ్ మీద నేరుగా దానికి కలవొచ్చు. రెండు కాల్ సెంటర్ కంపెనీల, అంటే బీపీఓల విలీనంలో ఏళ్ల తరబడి నలిగిన చిక్కుల్లో చాలాభాగం ఈ రెండు ఉత్తర్వులతో విడిపోయింది. టెలికం నియంత్రణలో ఇంత తక్కువ మాటలతో ఇంత పెద్ద ముడి విప్పిన సందర్భాలు అరుదు.

అయితే సడలింపు వాయిస్ ఆధారిత బీపీఓ సేవలకు ఇచ్చింది. దాన్ని ఫ్యాక్టరీకీ, బ్యాంకు శాఖకూ, ఆసుపత్రికీ వర్తించే సాధారణ అనుమతిగా చదువుకోవడం ప్రమాదం. బీపీఓలకు కూడా టోల్ బైపాస్ మీద నిషేధం తొలగలేదు. కాల్ రికార్డులు భద్రపరచాలి, అడిగితే చూపించాలి.

విలీనంలో మొదటి చిక్కు తేదీలది. కంపెనీల చట్టం 2013లోని 230 నుంచి 232 సెక్షన్ల కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చి, అది అమల్లోకి వచ్చేదాకా రెండూ వేర్వేరు కంపెనీలే. యాజమాన్యం మాత్రం కొనుగోలు ప్రకటించిన మర్నాటి నుంచే అందరికీ ఒకే డైరెక్టరీ, నాలుగంకెల డయలింగ్ కావాలంటుంది. వేర్వేరు కంపెనీలైనప్పుడు రెండింటి మధ్య వేసిన ప్రైవేటు ఫోన్ లింకు సీయూజీ అవుతుందా అన్నది తేలాలి. ఒకే గ్రూపుకు చెందినవని చూపే వాటాల పత్రాలు ఇక్కడ పనికొస్తాయి. ఉత్తర్వులో ఆస్తులు, ఒప్పందాలు, అనుమతులు అన్నీ కొత్త సంస్థకు చెందుతాయని రాసి ఉన్నా, టెలికం కంపెనీ పుస్తకాల్లో పేరు దానంతటదే మారదు. లీజు లైను, పీఆర్ఐ, సిమ్ ఇలా ఒక్కోదానికీ దరఖాస్తు పెట్టాల్సిందే.

సిమ్‌ల సంగతి మరీ. వందలాది కనెక్షన్లు ఒక్క కంపెనీ పేరు మీద గంపగుత్తగా తీసుకునే పద్ధతికి 2023 ఆగస్టులో డాట్ స్వస్తి పలికింది. కంపెనీతో పాటు సిమ్ చేతబట్టే ప్రతి ఉద్యోగికీ కేవైసీ జరగాలంది. దాంతో విలీనం వేళ ఉద్యోగులందరి ఆధార్ వివరాలూ సరిచూసే పని హెచ్‌ఆర్ నెత్తిన పడింది.

తర్వాతి పని జాబితా. ఏ లైను ఏ ఆపరేటరుది, ఎవరి పేరు మీద ఉంది, ఏ గదిలో మొదలై ఏ గదిలో ముగుస్తుంది అన్నది కాగితం మీదికి రావాలి. పాత కంపెనీలో ఎవరికీ గుర్తులేని లైన్లు కనీసం కొన్నయినా బయటపడతాయి. బిల్లు మాత్రం నెలనెలా కట్టేస్తూనే ఉంటారు. ఈ జాబితా నుంచే డయాగ్రం పుడుతుంది. మంచి డయాగ్రంలో ప్రజా నెట్‌వర్కు ఒక రంగులో, సీయూజీ ఇంకో రంగులో ఉంటాయి. రెండు రంగులూ తాకే ప్రతి చోటా అక్కడ గోడ ఎలా కట్టారో రాసి ఉంటుంది. అధికారి వేలు పెట్టేది అక్కడే.

ఆ డయాగ్రాన్ని ముందు తీసుకెళ్లాల్సింది డాట్ దగ్గరికి కాదు, లైన్లు ఇచ్చిన టెలికం కంపెనీ దగ్గరికి. లైసెన్సు దానిది, తన లైన్లు దుర్వినియోగం కాకుండా చూసే బాధ్యతా దానిదే. అక్కడి నియంత్రణ విభాగం అభ్యంతరాలన్నీ తేల్చాక, ఇంకా సందేహం మిగిలిన చోట డాట్ క్షేత్ర విభాగానికి ఉత్తరం రాస్తారు. ఉత్తరంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి. ‘మా నెట్‌వర్కులు కలుపుకోవచ్చా’ అని అడిగితే జవాబు రాదు, వచ్చినా నిబంధనల కాపీ వస్తుంది. ‘ఫలానా ఊళ్లో పీఆర్ఐ మీద వచ్చిన కాల్‌ను ఫలానా ఊరి ఎక్స్‌టెన్షన్‌కు ఫలానా దారిలో బదిలీ చేయొచ్చా’ అని డయాగ్రంలో అంకె వేసి అడిగితే అధికారికి సంతకం పెట్టడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఫోన్లో అన్న ‘చేసుకోండి’ తనిఖీ రోజున చెల్లదు. ఆ అన్నాయన అప్పటికి బదిలీ అయిపోయి ఉంటారు.

కలిపిన రోజు పరీక్షలు జరుగుతాయి. హైదరాబాద్ ఎక్స్‌టెన్షన్ నుంచి చెన్నై ఎక్స్‌టెన్షన్‌కు చేస్తారు, కలవాలి. ఆ కాల్ నడుస్తుండగా కాన్ఫరెన్సు మీట నొక్కి హైదరాబాద్ మొబైల్ ఒకటి కలపబోతారు, కలవకూడదు. చెవిలో తిరస్కరణ టోను వినిపించాలి, సర్వరు లాగ్‌లో తిరస్కరించిన సంగతి సమయంతో సహా నమోదవ్వాలి. తర్వాత ఫార్వర్డు పెట్టి చూస్తారు. డెస్కు ఫోనుకు వచ్చిన కాల్‌ను సొంత మొబైల్‌కు మళ్లించుకునే అలవాటు అందరికీ ఉంటుంది, గోడ బీటలు వారేది ఎక్కువగా దాని దగ్గరే. ఈ పరీక్షల కాగితాలన్నీ దాచి ఉంచడం తర్వాతి తనిఖీలో సగం పని తప్పిస్తుంది.

అన్ని ట్రంకులనూ ఒకే ఊరికి చేర్చేస్తే ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన సహజం. దానికి అడ్డొచ్చేది చార్జీలు మాత్రమే కాదు. విజయవాడ ఆఫీసులో ఒకరికి గుండెపోటు వచ్చి పక్కవాళ్లు డెస్కు ఫోను నుంచి 112 కొట్టారనుకుంటే, ఆ కాల్ హైదరాబాద్ ట్రంకు నుంచి బయటికి వస్తే చేరేది తెలంగాణ కంట్రోల్ రూముకు. అంబులెన్సు కావాల్సింది కృష్ణా తీరంలో. అందుకే ప్రతి ఊళ్లోనూ అత్యవసర కాల్స్ కోసమైనా ఒక స్థానిక లైను ఉంచుతారు. అమెరికాలో ఇదే విషయం మీద చట్టమే వచ్చింది. 2013లో టెక్సస్‌లోని ఒక హోటల్ గదిలో కారీ హంట్ హత్యకు గురవుతుంటే ఆమె చిన్న కూతురు పదేపదే 911 నొక్కింది. బయటి లైను కోసం ముందు 9 నొక్కాలని ఆ పిల్లకు తెలియదు. ఆమె పేరు మీదే వచ్చిన కారీస్ లా ప్రకారం 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్ వ్యవస్థల్లో 911 నేరుగా కలవాలి. హైదరాబాద్ కంపెనీ అమెరికా సంస్థను కొంటే అక్కడి ఫోన్లకు ఈ నిబంధన కూడా చూసుకోవాలి.

ఇప్పుడు ఈపీఏబీఎక్స్ క్లౌడ్‌లోకి వెళ్తోంది. పెట్టె మన గదిలో లేకపోయినా కాల్ మాత్రం ఏదో ఒక ఊళ్లో ప్రజా నెట్‌వర్కులోకి దిగాలి, దించేవాడికి లైసెన్సు ఉండాలి. జూమ్ సంస్థ తన ఫోన్ సేవ కోసం 2023లో భారత్‌లో టెలికం లైసెన్సు తీసుకున్నది ఇందుకే. క్లౌడ్ సేవ కొంటున్న కంపెనీ అమ్మేవాడిని మొదట అడగాల్సిన ప్రశ్న కూడా లైసెన్సు గురించే. అటు చట్టమూ మారుతోంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలోకి దశలవారీగా వస్తోంది. అనుమతి లేకుండా టెలికం సేవలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఆ చట్టంలో ఉన్నాయి.

చివరికి మిగిలేది నంబర్లు. మొబైల్ నంబరును 2011 జనవరి నుంచి దేశమంతటా వేరే ఆపరేటరుకు మార్చుకోవచ్చు. ల్యాండ్‌లైనుకు ఆ సౌకర్యం రాలేదు. కలిసిన కంపెనీ ఒకే ఆపరేటరుతో ఒప్పందం చేసుకున్నా, రెండో కంపెనీ ఇన్నేళ్లుగా లెటర్‌హెడ్ల మీద, రసీదుల మీద అచ్చేసిన 040 నంబరు వెంట రాదు. కస్టమర్లు కొత్త నంబరుకు అలవాటు పడేదాకా పాత పీఆర్ఐని బతికించి, ఆ ఊళ్లోనే ఉన్న ఈపీఏబీఎక్స్‌లో దాన్ని దించి, కొత్త నంబరు చెప్పే రికార్డింగు పెడతారు. ప్రచార కాల్స్‌కు 140, బ్యాంకుల సేవా కాల్స్‌కు 1600 సిరీస్ కేటాయించారు కాబట్టి బయటికి వెళ్లే కాల్స్‌కు ఆ నంబర్లు విడిగా తీసుకోవాలి. పాత లైను మీద నెలంతా కలిపి నాలుగైదు కాల్స్ కూడా రావడం లేదని రికార్డులు చూపినప్పుడు దాన్ని సరెండర్ చేసి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, డయాగ్రం నుంచి ఆ గీత తుడిచి, సవరించిన డయాగ్రం కాపీని టెలికం కంపెనీకి అందజేస్తారు.